కూచిపూడి నాట్యం: పాత సాహిత్యం, కొత్త వరుసలు

నూజివీడు మామిడితోటల మెట్టసీమకు దిగువన, కృష్ణా డెల్టాలో వెలసిన కూచిపూడి భాగవతులకు సంగీతం కలాపాల దరువులతోపాటే పరంపరగా సంక్రమించింది. ఏకపాత్ర నర్తనం ప్రబలిన పిదప ఆ దరువులు మాత్రమే చాలలేదు. నారాయణతీర్థుల తరంగాలు, క్షేత్రయ్య పదాలు ప్రదర్శనలో ప్రధానస్థానం పొందాయి. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులపై రాగనామాలున్నాయి గాని స్వరలిపి లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు వరుసలు కూర్చిన తరువాతనే అవి గాయకులకు, వారి ద్వారా నర్తకులకు అందాయి. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన వెంపటి చినసత్యం నృత్యనాటకాలకు పట్రాయని సంగీతరావు సంగీతం సమకూర్చారు. నర్తకుని అడుగును నడిపించేది సాహిత్యమొక్కటే కాదు, వరుస కూడా. కనుక నాట్యచరిత్ర రచయిత పేరుతో ఆగక, వరుస కూర్చినవారినీ నమోదు చేయవలసి ఉంది.