చవితి నాటి పట్టుబడి

2025 ఆగస్టు 27, వినాయక చవితి. అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి దాటి ఒక నిమిషం అయ్యేసరికి మనకు పొద్దున్న 9.31. ఆ నిమిషం నుంచి మన సరుకు మీద అక్కడి సుంకం 50 శాతమైంది. రొయ్యకైతే పాత యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కూడా కలిసి సుమారు 58.

ఉండి దగ్గర నాలుగెకరాల చెరువు కౌలుకు చేస్తున్న రైతు ఆ పొద్దున టీవీ పెట్టలేదు. (ఈ రైతు ఒక్క మనిషి కాడు. పశ్చిమ గోదావరి చెరువుగట్ల మీద కనిపించే పలువురిని కలిపి అల్లిన మనిషి. మాటలూ అలాంటివే. తేదీలు, అంకెలు మాత్రం నిజమైనవి.) ముందురోజు చెక్ ట్రేలో మేత మిగిలిపోయింది. సాయంత్రానికి గట్టు వెంట చచ్చిన రొయ్యలు తేలాయి, తల పెంకు మీద తెల్లటి మచ్చలతో. వైట్‌స్పాట్ కనబడ్డాక పండగని ఆగితే చెరువులో మిగిలేది నీళ్లే.

తెల్లారేసరికి వల లాగారు. ఏజెంటు కిలో తూయించి, ఒక్కోటీ ఐసు టబ్బులో వేస్తూ లెక్కపెట్టించాడు. యాభై రెండు. కిలోకు ఎన్ని తూగితే అదే కౌంటు.

“నిన్న చెప్పిన రేటుకే కానీవయ్యా.”

“నిన్నటి రేటు నిన్నే పోయింది బాబాయ్. ప్లాంటువాళ్లు ఫోనే ఎత్తట్లేదు. ఎత్తినాయన ముప్పై కౌంటు వద్దంటున్నాడు, వంద కౌంటు వద్దంటున్నాడు. అదృష్టం, నీది మధ్యలో పడింది.”

“సుంకం అమెరికావోడు కదా కట్టేది?”

ఏజెంటు జవాబు చెప్పలేదు. చెప్పాల్సింది చాలానే ఉంది. రొయ్యల్లో చాలా సరుకు, సుంకం కూడా మనవాళ్లే కట్టి అక్కడి గోదాముకు చేర్చే ఒప్పందం మీద వెళుతుంది. పెరిగిన సుంకం ముందు ఎగుమతిదారు నెత్తిన పడి, అక్కణ్నుంచి ప్లాంటుకు, ఏజెంటుకు, చివరికి వల దగ్గరికి దిగుతుంది. ఆ నిమిషానికి ముందే ఓడకెక్కి, సెప్టెంబరు 17లోగా అక్కడ దిగిన సరుకుకు మినహాయింపు ఇచ్చారు. మన తీరం నుంచి కంటెయినర్ అమెరికా చేరడానికి నెల దాటుతుంది గనక, ఆఖరి వారంలో ఎక్కించినవాళ్లకు అది కాగితం మీది మినహాయింపే. పైగా, ఏప్రిల్లో ట్రంప్ తొలి ప్రకటన చేసినప్పుడే, పైసా సుంకం పెరక్కముందే, ఇక్కడ రేటు కోసేశారు. కోయడానికున్న తొందర పెంచడానికి ఎప్పుడూ ఉండదు.

సెప్టెంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్రానికి లేఖలు రాశారు. నష్టం 25,000 కోట్లన్నారు. అప్పుల వాయిదాలకు 240 రోజుల మారటోరియం, వడ్డీ రాయితీ అడిగారు. మేత కంపెనీలతో మాట్లాడి కిలోకు 9 రూపాయలు తగ్గింపజేశామని చెప్పారు. నా లెక్కలో, మొత్తం సాయంలో గట్టు దాకా నేరుగా వచ్చింది అదొక్కటే.

కేంద్రం కదిలేసరికి కార్తీకం వచ్చింది. నవంబరు 12న 25,060 కోట్ల ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కు కేబినెట్ ఆమోదం. ఎగుమతిదారులు అదనంగా తీసుకునే 20,000 కోట్ల అప్పుకు నూటికి నూరు శాతం ప్రభుత్వ హామీ. రెండు రోజులకు రిజర్వు బ్యాంకు, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా కట్టాల్సిన వాయిదాలకు విరామం ప్రకటించింది. 2026 ఫిబ్రవరి బడ్జెట్లో, ఎగుమతి కోసం ప్రాసెస్ చేసేవాళ్లు సుంకం లేకుండా దిగుమతి చేసుకునే ముడిసరుకుల పరిమితిని 1 శాతం నుంచి 3 శాతానికి పెంచారు.

ఇవి అక్కర్లేదని కాదు. ప్లాంటు మూతపడితే రొయ్య కొనేవాడే ఉండడు. కానీ మన రైతుకు బ్యాంకులో వాయిదానే లేదు. చెరువు కౌలుకు కాగితం లేదు, నోటిమాటే. మేత డీలరు దగ్గర అరువు, పట్టుబడి డబ్బులోంచే మినహాయింపు. చవితినాడు ఏజెంటు లెక్క తేల్చాక డీలరు మనిషి గట్టు మీదే నిలబడి ఉన్నాడు. ఆ అరువుకు ఏ రిజర్వు బ్యాంకు మారటోరియం వర్తిస్తుంది?

ప్రభుత్వ హామీతో అప్పు తీసుకున్న ప్రతి ఎగుమతి సంస్థా ఏ రోజు, ఏ కౌంటుకు, రైతుకు ఎంత చెల్లించిందో బయటపెట్టాలి. ఆ షరతు రాయడానికి కొత్త పద్దు అక్కర్లేదు, పైసా ఖర్చు కాదు. ఈసారి వినతిపత్రం పట్టుకుని భీమవరం నుంచి ఢిల్లీ వెళ్లే పెద్దలారా, అదొక్కటి మొదటి పేజీలో రాయండి.