ముందు ఇరుసులోకి ఆయిల్ వచ్చిన కథ

మా గోదావరి డెల్టాలో పాత మెకానిక్‌ని కదిపితే, “ముందు ఇరుసుకి ఆయిలేంటండీ!” అంటాడు. నిజమే. మేం పని నేర్చుకున్నది మహీంద్రా బి-275, మాస్సీ 1035 బళ్ల మీద. వాటి ముందు ఇరుసంటే ఇనుప దూలం, అంతే. నడిమి పిన్ను మీద ఊగుతుంది, చివర్లలో కింగ్‌పిన్నులు, హబ్బుల్లో బేరింగులు. అన్నిటికీ గ్రీసే. గన్నుతో నిపుల్‌లోకి కొడుతూ ఉంటే పాత గ్రీసు మట్టితో సహా బయటికి రావాలి. వచ్చిందంటే ఇక దాని జోలికెళ్లక్కర్లేదు.

ఆ బళ్లు మా చేలల్లోకి దిగడానికి వరి కూడా ఒక కారణం. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్-8 పండించి చూపించాక పొట్టి రకాలు ఊరూరా పాకాయి. రెండో పంట మీద ఆశ పెరిగింది, మధ్యలో దొరికే రోజులు తగ్గాయి. ఈలోగా కాలవ కట్టేస్తారేమోనని భయం. ఎడ్లతో దమ్ము ఎప్పటికయ్యేను? ట్రాక్టరుకి ఇనుప చక్రాలు కట్టి దింపారు. అయితే వెనక చక్రాలే తోసే బండి లోతు బురదలో దిగబడిపోయేది.

నాలుగు చక్రాలూ లాగే చిన్న మిత్సుబిషిలు అక్కడక్కడా ఉండేవి. 2008లో కుబోటా మన దేశంలో కంపెనీ పెట్టాక ఈ రకం బళ్ల మాట ఊళ్లలో గట్టిగా వినబడింది. వీటి ఇరుసు దూలం కాదు, గేర్లున్న పెట్టె. మధ్యలో డిఫరెన్షియల్, చివర్లలో బెవెల్ గేర్లు, వాటికి ఆయిల్. మా తిప్పలూ అక్కడే మొదలయ్యాయి.

“చుక్క పొయ్యలేదండి, ఆయిల్ మట్టం పెరిగింది!” అని ఒక రైతు సంబరంగా చెప్పాడు. పెరిగింది నీళ్లండీ బాబూ. రాత్రంతా కదలకుండా నిలిపిన బండికి, పొద్దున్నే స్టార్ట్ చెయ్యకుండా కింది బిరడా వదులు చేస్తే, ముందు నీళ్లు కారి తర్వాత ఆయిల్ వస్తుంది. బండి అప్పటిదాకా నడిచి ఉంటే రెండూ కలిసిపోయి మజ్జిగలా ఉంటుంది. రెండువేళ్ల మధ్య రాస్తే జిగురుండదు.

ఆ నీళ్లు ఎలా దూరాయన్నదే అసలు సంగతి. ఇరుసు మీద బ్రీదర్ అని చిన్న గాలి మూత ఉంటుంది. బురద ఎండి అది పూడుకుపోతే, వేడెక్కిన గాలి దారిలేక, హబ్బు దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీల్ పక్కనుంచి ఆయిల్‌ని తోస్తుంది. వేడి మీదున్న ఇరుసు చేలో నీళ్లు తగిలి చల్లారితే, లోపలి గాలి ముడుచుకుని అదే సీల్ గుండా బురదనీళ్లు పీలుస్తుంది. హబ్బు వెనక చుట్టుకున్న గడ్డీ తీగలూ సీల్ అంచుని కోసేస్తాయి, అది వేరే గొడవ. మావాళ్లేమో గ్రీసు కాలం అలవాటుతో కారినచోటే చూస్తారు. సీల్ మారుస్తారు, నాట్లు కాకముందే మళ్లీ కారుతుంది, రైతుకి రెండోసారి ఖర్చు.

కాబట్టి రైతులకి నా మాట: ఈసారి హబ్బు దగ్గర తడి కనబడితే, సీల్‌కి డబ్బులిచ్చే ముందు బ్రీదర్ విప్పించి, కడిగించి, ఊది చూడమనండి.