పావగడ సీమ: చెరువుల నుండి సౌరక్షేత్రము వరకు

కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకా ఒక వింతయైన భూభాగము. పటమున చూచినచో అది పూర్వపు అనంతపురము జిల్లాలోనికి చొచ్చుకొనిపోయి, దాదాపు మూడు వైపుల ఆంధ్రదేశముచేతనే చుట్టబడి యుండును. ఇచ్చటి పల్లెలలో పెక్కింట ఇంటిభాష తెలుగు. బడిలోను కచేరీలోను కన్నడము. సరిహద్దు కావల మడకశిర ప్రాంతమున దీనికి తలక్రిందులుగా కన్నడము మాటలాడు కుటుంబములు కలవు. పూర్వమీ సీమ కిట్టి గీతలు లేవు. నొళంబులు రాజధానిగా నేలిన హెంజేరు నేటి హేమావతి; అది సరిహద్దు కావల నున్నది. కరికాలుని వంశము వారమని చెప్పుకొనిన నిడుగల్లు చోళుల కోట యీవల నున్నది. రెండు భాషలును, రెండు తీరుల శాసనములును ఈ నేల నెరుగును.

ఈ సీమకు నేడు దేశమంతట పేరు తెచ్చినది కోట కాదు, సూర్యరశ్మి. జనులు సోలార్ పార్కని పిలుచు ‘శక్తిస్థల’ అయిదు గ్రామముల పొలములలో నెలకొన్నది. తిరుమణి, బళసముద్రము, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు — ఇవి యా గ్రామములు. చివరి రెండు పేర్లలోను మన చెరువు మాటయే వినబడుచున్నది. బళసముద్రములోని సముద్రము కూడ పెద్ద చెరువే గాని ఉప్పునీటి కడలి కాదు. నీటి పేరు పెట్టుకొనిన ఊళ్ళు ఎండ నమ్ముకొని బ్రదుకవలసి వచ్చుట ఎట్లు సంభవించినదో కొంచెము విచారింపవలసియున్నది.

ఈ తాలూకాలో నాగలమడికె చెంత ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, ప్రవహించును. ప్రవహించునని వ్రాయుట మర్యాదకే. సంవత్సరమున పెక్కు నెలలు అచ్చట ఇసుకయే. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వములు చేసికొనిన ఒడంబడికలోని నదుల పట్టికలో పెన్న కూడ కలదు. దాని ప్రకారము ఎగువనున్న మైసూరు వారు మద్రాసు సమ్మతి లేక ఆ నదులపై క్రొత్త కట్టడములు కట్టరాదు. దిగువ రైతుల హక్కు కాపాడుట న్యాయమే. అయినను వానలు చాలని యీ ఎగువసీమకు పాత చెరువులే గతి యయ్యెను. ఆ చెరువులు పూడినవి. పిదప వేరుసెనగ వచ్చినది, దాని వెంట బోరుబావులు వచ్చినవి. బోరు లోతైనకొలది నీటిలో ఫ్లోరైడు హెచ్చి, పండ్లకు గారయు, ఎముకలకు బిగువును తెచ్చినది. కరవు మీద కరవు రాగా యువకులు బెంగుళూరుకు కూలికి పోయిరి.

విద్యుత్తు కొరకు భూమి నడుగుట మన దేశమున క్రొత్త గాదు. మైసూరు సంస్థానము 1902లో శివనసముద్రము నుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు నంపెను. ఆంధ్ర, ఒడిషా ప్రభుత్వములు కలిసి నిర్మించిన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955లో ప్రారంభమైనది. దానికై ఏర్పడిన జలాపుట్టు జలాశయమున గిరిజనుల గ్రామములు పెక్కు మునిగెను. కోరాపుట్టు ప్రాంతమున స్థిరపడిన మన వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ దినములలో ప్రభుత్వము భూమిని ఒక్కసారిగా తీసికొనెడిది; ఇచ్చినవాని కథ అంతటితో ముగిసెడిది.

పావగడలో మార్గము మారినది. కర్ణాటక ప్రభుత్వ సంస్థయు, కేంద్రప్రభుత్వ సౌరవిద్యుత్సంస్థయు కలిసి 2015లో ఏర్పరచిన కార్పొరేషను భూమిని కొనలేదు, కౌలుకు తీసికొన్నది. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్ల కొకసారి నూటికి 5 పెంపు. గడువు 28 ఏండ్లు. ఇట్లు సుమారు 13,000 ఎకరములు సమకూరినవి. 2018 మార్చి 1న ప్రారంభోత్సవము జరిగినది. 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యము పూర్తియై, ప్రపంచమందలి మిక్కిలి పెద్ద సౌరక్షేత్రములలో నొకటిగా గణింపబడినది. పట్టా రైతునకు ఇది మేలైన ఒప్పందమే యనక తప్పదు. అయిదెకరముల మెట్టరైతు వాన రాకున్నను ఏటికి 1,05,000 రూపాయలు కండ్ల చూచును. భూమి యతని పేరనే యుండును. వేరుసెనగ యిట్టి భరోసా నెన్నడును ఇచ్చి యెరుగదు. కాని రెండేండ్లకు నూటికి అయిదనునది ధరలు పెరుగు వేగము నందుకొనగలదా? నాకు నమ్మకము లేదు.

అసలు చిక్కు పట్టా లేనివారిది. ఇతరుల పొలములలో కలుపు తీసి, కాయ కోసి బ్రదికిన కూలికుటుంబములకు కౌలులో భాగము లేదు. వారిలో దళితులే మెండు. ప్రభుత్వభూమిని తరతరములుగ దున్నుకొనుచు కాగితము పొందనివారికిని అట్లే. గొఱ్ఱెలు, మేకలు తోలుకొనువారికి కోతయైన పొలము, బీడు, గట్టు — ఇవన్నియు మేతయే. కంచె పడినంతనే ఆ మేత పోయెను. ఒకసారి పార్కు పూర్తియైన పిమ్మట అచ్చట మిగులు పని గడ్డి కోయుట, ఫలకములు తుడుచుట, కావలి కాచుట; అది కొందరికే చాలును. ఫలకములపై దుమ్ము పేరినచో విద్యుదుత్పత్తి తగ్గును గనుక కడుగుటకు నీరు కావలెను. ఆ నీరు ఈ సీమలోనే అడుగవలెను!

మనుష్యుల మాట యట్లుండగా, నోరులేని జీవుల మాట యడుగువారు మరియు తక్కువ. కచేరీ లెక్కలలో ‘బంజరు’ అని వ్రాయబడిన గడ్డిభూములు నక్కకు, కుందేటికి, నేలపై గ్రుడ్లు పెట్టు పక్షులకు ఇండ్లు. పొరుగున మధుగిరి తాలూకాలోని మైదనహళ్ళి చెంత కృష్ణజింకలు గుంపులుగా తిరుగు గడ్డిమైదానమును 2007లో జయమంగలి పరిరక్షణక్షేత్రముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము 798 ఎకరములు, సౌరక్షేత్రములో పదునారింట నొకవంతు. జింక హద్దురాయి నెరుగదు. ప్రక్కపొలములలో మేయును, రైతు తిట్టును. అయినను ఆ మెట్టపొలములు, బీళ్ళు ఉండబట్టియే అంత చిన్న క్షేత్రమున అవి నిలువగలుగుచున్నవి. 2006 నాటి పర్యావరణ నిబంధనల క్రింద సౌరఫలకముల కేంద్రములకు ముందస్తు అనుమతి అక్కరలేదు. పొగ లేదు గనుక హానియు లేదని తలచిరి కాబోలు. బొగ్గుకంటె సూర్యుడు వేయి రెట్లు మేలని నేనును ఒప్పుకొందును. కాని పదమూడువేల యెకరముల నేల మార్పును ఎవరును ముందుగా కొలువనక్కరలేదనుట వేరు సంగతి.

పార్కును ఇంకను విస్తరింపవలెనను ఆలోచన ఇటీవల వినవచ్చుచున్నది. అట్లైనచో అడుగవలసినవి పెద్ద కోరికలు కావు. మందలు పోవుటకు బాటలు విడువవలెను. ఫలకముల నడుమ గొఱ్ఱెలను మేపుట ఇతరదేశములలో జరుగుచునే యున్నది. చెరువుల పూడిక తీయించవలెను. భూమి లేని కుటుంబమునకును ఏటేట కొంత పాలు ముట్టవలెను. గడ్డిమైదానములను లెక్కించిన పిదపనే కంచె వేయవలెను. కౌలు గడువు ముగియునాటికి నేడు సంతకము చేసిన రైతులలో పలువురు ఉండరు. వారి మనుమలు పొలమునకు తిరిగి వచ్చినపుడు గట్లును, గుర్తులును కనబడక పోవచ్చును. ఎవరి చేను ఎచ్చట నుండెనో చూపు సర్వేపటములను ఇప్పుడే ఆ యైదు గ్రామముల పంచాయితీలలో భద్రపరచి, ఒక్కొక్క ప్రతిని రైతుల యిండ్లకు ఇప్పించు పనికి పావగడ పెద్దలు పూనుకొనవచ్చును.