చౌకే గిటారు, మొగిలయ్య కిన్నెర

జొహానెస్‌బర్గ్‌లో నేను పనికి పోయే మినీ బస్సులో పొద్దున్నే ఒక గిటారు మోగుతుంది. సన్నని తీగ గబగబా పరుగెడుతుంటే మగ గొంతు ఒక మాట అంటుంది, ఆడవాళ్లు గుంపుగా అందుకుంటారు. మొదటిసారి విన్నప్పుడు మన దిక్కు కట్టంగూర్‌లో తెల్లవార్లూ కూర్చుని విన్న ఒగ్గుకథ, ఆ వంతపాట యాదికొచ్చాయి. ఆ గొంతు థామస్ చౌకేది.

ఆయన 1952లో దక్షిణాఫ్రికా ఉత్తరపు కొసన, ససెలమనిలో పుట్టారు. మాతృభాష షిత్సోంగా. 1913 నాటి భూమి చట్టం నల్లవాళ్లకు దేశంలో సుమారు 7 శాతం నేల మిగిల్చింది. దున్నుకోను భూమి లేక మగవాళ్లు బంగారు గనులకు వలసపోయారు, మన పాలమూరు జనం బొంబాయి పోయినట్టే. కాకపోతే అప్పట్లో ఇక్కడ జేబులో దొంపాస్ అనే అనుమతి పుస్తకం లేకుంటే జైలే. 1973లో షిత్సోంగా మాట్లాడే త్సోంగాలకు గజాంకులు అని ఒక ముక్క కోసిచ్చి, ఇదే మీ దేశమన్నారు.

అంతకుముందే, 1965లో, ప్రభుత్వం వాళ్ల భాషలో రేడియో పెట్టింది. ఏ జాతిని ఆ జాతిగా విడదీసి ఉంచాలన్నది సర్కారు ఎత్తు. కానీ గని కూలీకి ఊరి పాట అందులోనే వినబడింది.

1980ల మొదట్లో చౌకే, షిన్యోరి సిస్టర్స్ బృందంతో 'షిమత్సాత్సా' ఆల్బమ్ తెచ్చారు. తర్వాతివన్నీ అదే పేరు మీద 2, 3 అని అంకెలు వేసుకుంటూ వచ్చి 30 దాటాయి. జనం కొంటూనే ఉన్నారు. మరో త్సోంగా కళాకారుడు షిరిండా బాణీ 1986లో అమెరికా గాయకుడు పాల్ సైమన్ ఆల్బమ్ 'గ్రేస్‌ల్యాండ్'లోకి ఎక్కి ప్రపంచమంతా తిరిగింది. నాకు మాత్రం చౌకేయే పెద్ద. తన వాళ్ల కోసం, తన వాళ్ల మాటలోనే, నలభై ఏళ్లు పాడారు.

ఒక పెళ్లిలో చౌకే పాటకు ఆడవాళ్లు షిబెలాని కట్టుకుని ఆడటం చూశాను. షిబెలాని అంటే ఒత్తుగా కుచ్చులు పెట్టిన పావడా. నడుము కొంచెం కదిలితే చాలు, పావడా మొత్తం అలలాగా ఊగుతుంది. ముసలవ్వలు కూడా లేచి ఆడారు.

1996 రాజ్యాంగం 11 అధికార భాషల్లో షిత్సోంగాను చేర్చింది. అప్పటికే ఆ భాష పాటలో నిలబడి ఉంది.

మన దిక్కు కూడా అట్లాగే దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడారు. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. కిన్నెర వాయించేవాళ్లు ఇంకెందరున్నారు? మీ వాకిట్లోకి ఎవరైనా కిన్నెర పట్టుకొని వస్తే గింజలు పోసి పంపేయకండి. కూర్చోబెట్టి కథ మొత్తం వినండి, ఫోన్లో రికార్డు చేయండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి.