పాత పెన్ సెనేటర్ రీలు: ఇంటి మరమ్మతులు

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఓటో హెంజ్ 1932లో స్థాపించిన పెన్ సంస్థ, 1936లో ‘సెనేటర్’ అనే గాలపు రీలును ప్రవేశపెట్టింది. సముద్రపు పెద్ద చేపల కొరకు రూపొందిన ఈ పాత రీళ్లను నేటికీ పలువురు ఇంటివద్దనే బాగుచేసుకొని వాడుతున్నారు.

ఉప్పునీటి వలన ఇత్తడి భాగాలకు చిలుము పట్టి మరలు బిగుసుకుపోతాయి. అప్పుడు బలప్రయోగం తగదు. పలుచని నూనె వేసి ఒక రాత్రి నాననిచ్చి, మర గాడికి సరిపోయే స్క్రూడ్రైవరుతోనే విప్పాలి. భాగాలను విప్పిన వరుసలోనే పేర్చుకోవాలి.

తరచుగా చేసే మార్పు డ్రాగుకు సంబంధించినది. చేప లాగినపుడు దారాన్ని తగినంత నిరోధంతో వదలే అమరిక ఇది. ప్రధాన పళ్లచక్రంలో లోహపు వాషరు, ఫైబరు వాషరు ఒకదాని తరువాత ఒకటిగా ఉంటాయి. అరిగిన ఫైబరు వాషర్లకు బదులు కార్బన్ ఫైబరువి అమర్చితే దారం కుదుపు లేకుండా సాగుతుంది.

అయితే నిరోధం ఎంత పెంచితే అంత మేలని భావించరాదు. ఆ భారమంతా పిడి వెనుకకు తిరగకుండా ఆపే చిన్న లోహపు నాలుకపై పడుతుంది. అది విరిగితే పిడి వేగంగా వెనుదిరిగి వ్రేళ్లను గాయపరచగలదు. కనుక నిరోధాన్ని స్ప్రింగు త్రాసుతో కొలిచి, దారం తెగే బలంలో మూడవ వంతుకు మించనీయరాదు. అనగా 15 కిలోల దారానికి 5 కిలోలు. తీసిన పాత వాషర్లను భద్రపరచాలి. మున్ముందు కొలతకు అవే ఆధారం.