ద్రవ శ్వాస

గాలికి బదులు ఆక్సిజన్ కరిగిన ద్రవాన్ని ఊపిరితిత్తుల్లో నింపి శ్వాస సాగించే పద్ధతి ద్రవ శ్వాస. మామూలు నీటితో ఇది కుదరదు. ఒంటి వేడి దగ్గర 100 మి.లీ. నీటిలో 3 మి.లీ. ఆక్సిజన్ కూడా కరగదు; పర్‌ఫ్లూబ్రాన్ అనే పర్‌ఫ్లోరోకార్బన్‌లో సుమారు 50 మి.లీ. కరుగుతుంది. 1966లో లేలండ్ క్లార్క్, ఫ్రాంక్ గోలన్ ఈ జాతి ద్రవంలో ముంచిన చిట్టెలుకలు మామూలు వాతావరణ పీడనంలోనే బతికాయని చూపారు.

కడుపులో బిడ్డ కూడా ద్రవంతోనే ఊపిరి తీస్తుంది కదా అంటుంటారు. ఆ పోలిక సరికాదు. బిడ్డ ఊపిరితిత్తుల్లో ద్రవం ఉన్నమాట నిజమే గాని, ఆక్సిజన్ అందేది మాయ నుంచి, బొడ్డుతాడు ద్వారా.

ఊపిరితిత్తులపై ద్రవ శ్వాస ప్రభావం తెలియాలంటే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చూడాలి. వాయుకోశాల లోపలి తడిపొర తలతన్యత వల్ల వాటిని ముడుచుకుపోయేలా లాగుతుంది. ఆ లాగుడును తగ్గించే సర్ఫాక్టెంట్ ఈ బిడ్డల్లో చాలినంత ఊరదు. మూసుకున్న కోశాలను తెరవాలని వెంటిలేటర్‌తో గట్టిగా గాలి కొడితే లేత కణజాలం దెబ్బతింటుంది. ద్రవం నింపితే గాలికీ తడికీ మధ్య హద్దే ఉండదు. తక్కువ ఒత్తిడికే కోశాలు విచ్చుకుంటాయి. నీటికి దాదాపు రెట్టింపు సాంద్రత ఉన్నందున ఈ ద్రవం అడుగున మూతపడ్డ భాగాల్లోకి దిగుతుంది, కళ్లె పైకి తేలుతుంది. 1989లో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ వైద్యులు బతికే ఆశ లేని శిశువుకు దీన్ని వాడారు. ఊపిరితిత్తుల సాగుదల మెరుగైంది, ప్రాణం మాత్రం దక్కలేదు. 1996లో ప్రచురితమైన అధ్యయనంలో ఊపిరితిత్తులను కొంతవరకు ద్రవంతో నింపి, వెంటిలేటర్‌తో గాలి ఆడించే పద్ధతిని 13 మంది శిశువులపై పరీక్షించారు. ఫలితాలు ఆశ కలిగించాయి.

పెద్దల్లో ఆ ఆశ నిలవలేదు. తీవ్ర శ్వాసవైఫల్యం ఉన్న 311 మందిపై జరిగి 2006లో వెలువడిన పరీక్షలో మేలు కనబడలేదు సరికదా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం వంటి చిక్కులు పెరిగాయి. పూర్తిగా ద్రవంతోనే శ్వాసించడానికి అసలు అడ్డంకి కార్బన్ డయాక్సైడ్. దాన్ని బయటికి పంపాలంటే పెద్దవాళ్లు విశ్రాంతిలో ఉన్నా నిమిషానికి సుమారు 5 లీటర్ల బరువైన ద్రవాన్ని లోపలికీ బయటికీ ఆడించాలి. ఛాతీ కండరాలకు అది శక్తికి మించిన పని. ద్రవం పీలుస్తూ లోతు సముద్రంలోకి దిగాలన్న ఈతగాళ్ల కల ఆగిపోయిందీ ఇక్కడే.

భిలాయి వంటి ఉక్కు ఊళ్లలో గ్యాస్ ప్రమాదం జరిగినప్పుడు బాధితులను ద్రవ శ్వాసతో కాపాడలేమా అన్న ఆలోచన సహజమే. 2014 జూన్ 12న భిలాయి ఉక్కు కర్మాగారంలో నీటి ఒత్తిడి పడిపోయి బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ లీకైంది; ఆరుగురు మరణించారు. అందులోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలుపు తెరిచే ఉన్నా బండి నిండిపోయిన స్థితి అది. ఊపిరితిత్తుల్లో ద్రవం నింపినా హిమోగ్లోబిన్ విడుదల కాదు. బాధితులకు వెంటనే స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తారు. పరిస్థితి విషమిస్తే, వసతి ఉన్నచోట, అధిక పీడన గదిలో ఉంచి ఇస్తారు.