కొలతకందని ఒళ్లు

1860ల చివర్లో లండన్ చెప్పుల దుకాణాల్లో ఒక విచిత్రమైన జోడు అమ్మేవాళ్లు. ఒక చెప్పుకు మడమ ఎత్తు, రెండోదానికి పొట్టి. అవి అవిటివాళ్ల కోసం కాదు. నిక్షేపంలాంటి కాళ్లున్న పెద్దింటి ఆడవాళ్లు ఏరికోరి కొనుక్కుని, వాటితో వీధుల్లో కుంటుతూ నడిచేవాళ్లు. వేల్స్ యువరాణి అలెగ్జాండ్రాకు 1867లో కీళ్లవాతపు జ్వరం వచ్చి, ప్రాణం దక్కింది గానీ నడకలో కుంటు మిగిలింది. యువరాణి కుంటుతుంటే మనం తిన్నగా నడవడం ఏం మర్యాద అనుకున్నారు కాబోలు!

ఆమె మెడ మీద చిన్ననాటి మచ్చ కూడా ఒకటి ఉండేది. అది కనపడకుండా పగలు ఎత్తు కాలరు, రాత్రి విందుల్లో మెడను అంటిపెట్టుకునే ముత్యాల వరుసలు వేసుకునేది. మచ్చలేని వాళ్లంతా అవే వేసుకున్నారు. ఇవాళ పెళ్లిళ్లలో మన పిల్లలు పెట్టుకునే చోకర్‌కు ఇంగ్లండులో అంత మోజు తెచ్చింది ఆవిడే. అంతకంటే నాకు ముచ్చటేసిన సంగతి మరొకటుంది. పారిస్‌లో స్థిరపడిన ఇంగ్లిషు దర్జీ చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్, నడుము దగ్గర అతుకు లేకుండా పైనుంచి కిందిదాకా నిలువు కుట్లతోనే ఒంటికి అమరే గౌనుకు ఈమె గౌరవార్థమే పేరు పెట్టాడని ఫ్యాషన్ చరిత్రలు చెబుతాయి. అదే ప్రిన్సెస్ లైన్. అమీర్‌పేటలోనూ బెజవాడ వన్‌టౌన్‌లోనూ టైలరమ్మ "డాట్లు పెట్టమంటారా, ప్రిన్సెస్ కట్ చెయ్యమంటారా?" అని అడిగేది దాని మనవరాలి గురించే. మన జాకెట్టు మీద చంక దగ్గర మొదలై ఛాతీ మీదుగా నడుం పట్టీ దాకా దిగే ఆ వంపు కుట్టు వెనక, మెడ మీద మచ్చా కాలిలో కుంటూ ఉన్న ఒక మనిషి ఉంది. ఒంటికి తగ్గట్టు బట్ట వేసుకోవడం గురించి ఇన్ని పుస్తకాలు వచ్చాయి గానీ, ఇంతకంటే మంచి పాఠం నాకైతే కనపడలేదు.

పుస్తకాలు చెప్పే మొదటి సూత్రం అందరికీ కంఠతా వచ్చు. లావుగా ఉన్నవాళ్లు నిలువు చారలు కట్టాలి, అడ్డచారలు కట్టకూడదు. సరిగ్గా ఆ 1867లోనే కంటి చూపు మీద తన మహాగ్రంథాన్ని ముగించిన జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ దీనికి ఉల్టా చెప్పాడు. ఒకే కొలత ఉన్న రెండు చతురస్రాల్లో ఒకదాన్ని అడ్డగీతలతో, మరోదాన్ని నిలువుగీతలతో నింపితే, అడ్డగీతలదే పొడవుగా సన్నగా కనిపిస్తుందట. అడ్డచారల గౌనులు ఆడవాళ్లను పొడుగ్గా చూపిస్తాయని ఆయనే రాశాడు కూడా. నూట నలభై ఏళ్ల తర్వాత ఇంగ్లండులో యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి పెద్దాయన మాటే నిజమన్నారు. చీరల కొట్లో సలహాలు మాత్రం మారలేదు.

ఇంచుల టేపు మెడలో వేసుకోని దర్జీని మనం ఊహించలేం. నిజానికి ఆ టేపు వచ్చి రెండు వందల ఏళ్ల పైచిలుకే. అంతకు ముందు యూరప్‌లో ప్రతి మనిషికీ ఒక కాగితపు పట్టీ ఉండేది. భుజం ఇక్కడికి, నడుము ఇక్కడికి అని దాని అంచున కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టి, పేరు రాసి, దర్జీ దాచుకునేవాడు. 1769లో గార్సో అనే ఫ్రెంచి రచయిత దర్జీ పని మీద రాసిన పుస్తకంలో ఆ పట్టీని వివరించాడు. అందులో అంకెలు లేవు. నువ్వు ముప్ఫయ్యారా, నలభయ్యా అన్న ప్రశ్నే లేదు. నీ పట్టీ నీది, దాన్ని ఇంకొకరి పక్కన పెట్టి చూసే అవసరం ఎవరికీ లేదు. మనవాళ్లు దర్జీకిచ్చే ఆది జాకెట్టు ఈ పట్టీకి దగ్గరి చుట్టం. బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇచ్చి "దీని ప్రకారం కుట్టు, చేతులు మాత్రం ఒక అంగుళం పొడుగు" అనేస్తే సరిపోయేది. చాలామంది అమ్మమ్మలకు తమ ఛాతీ కొలత అంకెల్లో ఎంతో జీవితాంతం తెలీదు. తెలుసుకోవలసిన పనీ పడలేదు.

అంకెలను ఇంటికి తెచ్చింది తపాలా. మసాచుసెట్స్‌లోని స్టెర్లింగ్ ఊళ్లో బటరిక్ అనే దర్జీ 1863లో రకరకాల సైజుల్లో కాగితపు నమూనాలు అమ్మడం మొదలుపెట్టాడు. అంతకు ముందు నమూనా ఒకే సైజులో వచ్చేది, ఎవరి ఒంటికి వాళ్లు పెంచుకోవడమో తగ్గించుకోవడమో చేసుకునేవాళ్లు. ఇప్పుడు పని తేలికైంది, దాంతోపాటు మనిషి ఒక సైజు కూడా అయింది.

ఇక్కడ లేనా అనే ఆవిడ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. లిథువేనియా నుంచి పదహారేళ్ల వయసులో న్యూయార్క్ చేరింది. పసిబిడ్డతో ఉండగానే భర్త బ్రయంట్ పోయాడు. కుట్టుమిషను కోసం పెళ్లినాటి చెవిపోగులు తాకట్టు పెట్టింది. 1904లో దుకాణం పెడుతూ బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు కాగితం మీద లేనా కాస్తా లేన్ అయింది. దిద్దించుకోవడానికి మొహమాటపడి ఆ తప్పునే బోర్డు మీద రాయించింది. లేన్ బ్రయంట్ అలా పుట్టింది. మొదట కుట్టింది గర్భిణులకు, నడుము దగ్గర సాగే గౌను. అప్పట్లో ఆ మాట అచ్చులో రావడమే అప్రతిష్ఠ, పత్రికలు ప్రకటన వేసుకోలేదు. 1911లో ఒక పత్రిక ఒప్పుకుంటే మర్నాటికల్లా సరుకంతా ఖాళీ! తర్వాత లావుపాటి ఆడవాళ్లు వచ్చి మా సంగతేమిటని అడిగారు. లేనా రెండో భర్త మాల్సిన్ ఇంజనీరు. ఆయన తమ దుకాణానికి వచ్చిన 4,500 మందిని కొలిచి, ఒక బీమా కంపెనీ నుంచి సుమారు 2,00,000 మంది లెక్కలు తెప్పించుకుని, లావు అంటే ఒకే రకం కాదు, మూడు రకాలని తేల్చాడు. 1923 నాటికి ఆ బట్టల అమ్మకాలే గర్భిణుల బట్టల అమ్మకాలను మించిపోయాయి. ఒంటి తీరును బట్టి బట్ట అన్న ఆలోచన, కనీసం ఈ దుకాణంలో, ఆడవాళ్లు అడిగితేనే వచ్చింది. చెప్పేవాళ్లు ఎక్కువైంది తర్వాతే.

అసలు తమాషా 1939లో మొదలైంది. అమెరికా వ్యవసాయ శాఖకు ఆడవాళ్ల ఒళ్లు కొలవాలని బుద్ధి పుట్టింది. వ్యవసాయ శాఖకు ఇదేం పని అనిపిస్తుంది. ఇంటి నిర్వహణ శాస్త్రానికి ఒక విభాగం వాళ్ల కిందే ఉండేది. రూత్ ఓబ్రయన్ అనే ఆవిడ, విలియం షెల్టన్ అనే గణాంకవేత్త కలిసి పూనుకున్నారు. ఆర్థిక మాంద్యం రోజుల ఉపాధి పథకం కింద డబ్బు వచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో కొలిచేవాళ్లు టేపులు పట్టుకుని బయల్దేరారు. సుమారు 15,000 మంది ఆడవాళ్లు, ఒక్కొక్కరికి 59 కొలతలు. తొడ చుట్టుకొలత, మోచేతి చుట్టుకొలత, ఏదీ వదల్లేదు.

కొలిపించుకున్నవాళ్లకు కొంచెం సొమ్ము ముట్టేది. అందుకని ఎక్కువగా వచ్చింది ఆ సొమ్ము అవసరమున్నవాళ్లే, అందులోనూ వయసులో చిన్నవాళ్లు. తెల్లవాళ్లు కాని స్త్రీల కొలతలను లెక్కలోంచి తీసేశారు. ఇదంతా తెలిశాక కూడా ఆ నివేదిక మీద నాకు ఒక గౌరవం పోదు, ఎందుకంటే కొలిచినవాళ్లు నిజం ఒప్పుకున్నారు. ఛాతీ ఒక్కటీ చూసి మిగతా ఒళ్లు చెప్పడం కుదరదన్నారు. ఎత్తు, బరువు రెండూ కలిపి చూస్తే మెరుగ్గా తెలుస్తుందన్నారు. కానీ బట్టల కొట్లో బరువు చెప్పమంటే ఏ ఆడది చెబుతుంది? అందుకని చెప్పుల సైజులాగా దేన్నీ సూచించని ఒక ఉత్త అంకె పెట్టడమే మేలన్న మాట వచ్చింది. ఈనాటికీ లోపలి లేబుల్ మీద మనల్ని ఏడిపించే అంకె, ఎవరినీ నొప్పించకూడదని పెట్టినది!

అదే లెక్కల సగటుతో ఇద్దరు మగవాళ్లు, ఒక వైద్యుడూ ఒక శిల్పీ, నార్మా అనే బొమ్మ చేశారు. క్లీవ్‌లాండ్ ఆరోగ్య మ్యూజియంలో దాన్ని నిలబెట్టారు. 1945లో ఆ ఊరి పత్రిక ఒకటి నార్మాను పోలిన అమ్మాయి కావాలని పోటీ పెట్టింది. 3,864 మంది తమ కొలతలు పంపారు. తొమ్మిది కొలతల్లో అయిదింట సగటుకు దగ్గరగా వచ్చినవాళ్లు నలభై మంది కూడా లేరు. తొమ్మిదింటా సరిపోయిన మనిషి ఒక్కతీ లేదు. సినిమా హాల్లో క్యాషియర్‌గా పనిచేసే అమ్మాయికి బహుమతి ఇచ్చారు గానీ ఆమె కూడా నార్మా కాదు. ఇంతకంటే స్పష్టంగా ఏ లెక్కా చెప్పలేదు. అందరికీ సరిపోవాలని కుట్టిన ఒళ్లు ఎవరిదీ కాదు. ఇది చూశాకైనా ఆ పని మానుకోవలసింది.

మానుకోలేదు. సైజు కుదరక తిరిగొచ్చే పార్సెళ్లతో విసిగిన తపాలా వర్తకులు పట్టుబడితే 1958లో ప్రభుత్వ ప్రమాణం వచ్చింది. సైజులు 8 నుంచి మొదలు. పొడుగుకూ పొట్టికీ అక్షరాలు, తుంటికి కూడిక తీసివేత గుర్తులు. అప్పటి 8 అంటే 31 అంగుళాల ఛాతీ, ఇప్పటి సున్నాకు దగ్గర. మధ్యలో జరిగిందేమిటంటే, కొనేవాళ్లను మెప్పించడానికి కంపెనీలు బట్ట పెంచి అంకె తగ్గించాయి. 1983లో ప్రభుత్వం ఆ ప్రమాణాన్నే ఎత్తేసింది. ఇక ఎవరి 8 వాళ్లది. ఈ గందరగోళంలోనే పియర్, యాపిల్, ఇసుక గడియారం అంటూ ఒంటి తీరుల సలహాలు పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. అందరికీ ఆదర్శమని చూపించే ఆ ఇసుక గడియారం నడుము, 2005 ప్రాంతంలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం 6,000 మందికి పైగా పరిశీలిస్తే, వందకు ఎనిమిది మందికే ఉంది. దాదాపు సగం మందిది భుజమూ నడుమూ తుంటీ ఇంచుమించు ఒకటే ఉండే తీరు. అంటే సలహాల్లో సగం, ఆ నడుము లేనివాళ్లను ఉన్నవాళ్లలా చూపించే తంటా.

మన వైపు చూస్తే అమరావతి శిల్పాల్లో ఆడవాళ్ల ఒంటి మీద నగలే గానీ కుట్టిన రవిక పెద్దగా కనపడదు. లేపాక్షి చిత్రాల్లో బిగుతు రవికలు కనిపిస్తాయి. మధ్యలో వెయ్యేళ్ల పైమాటే, ఒక్క అంగలో దాటేస్తున్నాను, మన్నించండి. గోచీ పెట్టి కట్టినా, కుచ్చిళ్లు పోసి కట్టినా చీరకు సైజు లేదు. పదహారేళ్ల పిల్లా, నిండు చూలాలూ, ముగ్గురు పిల్లల తల్లీ అదే చీరను కట్టుకున్నారు. ముందు ముడి వేసుకునే రవిక కూడా అంతే, ఒళ్లు వచ్చినా తగ్గినా ముడి సర్దుకుంటుంది.

ఈ రోజు మనం జాకెట్టు, లోపల లంగా, ఎడమ భుజం మీద పైట అని కట్టే తీరుకు ఊపు తెచ్చినవాళ్లలో ఠాగూరు వదినగారు జ్ఞానదానందినీ దేవి ముఖ్యురాలు. 1864లో భర్తతో బొంబాయి వెళ్లి, పార్సీ ఆడవాళ్ల కట్టు చూసి తనకు తగ్గట్టు మార్చుకుంది. ఆపైన బామాబోధినీ పత్రికలో, నేర్చుకోదలచినవాళ్లకు నేర్పుతానని ప్రకటన ఇచ్చిందట. మన దేశంలో ఫ్యాషన్ సలహా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ప్రకటనే. అందులో ఎవరి నడుము ఎంతుండాలన్న మాట లేదు, బయటికి నలుగురిలోకి ఎలా రావాలన్నదే ఉంది.

మన దర్జీలు ఆ కొత్త జాకెట్టును మన పద్ధతికి తెచ్చుకున్నారు. పాత జాకెట్టు ఒకదాన్ని తిరగేసి చూడండి. పక్క అతుకు దగ్గర ఒక కుట్టు ఉండదు, అర అంగుళం ఎడంతో రెండో మూడో వరుసలుంటాయి, ఆపైన మరో అంగుళం గుడ్డ మడిచి వదిలి ఉంటుంది. కాన్పు తర్వాత చంక దగ్గర పట్టేస్తోందంటే "ఒక కుట్టు విప్పుతాలెండి అమ్మా, సరిపోద్ది" అంటాడు దర్జీ. ఒళ్లు మారుతుందని కుట్టే రోజే ఒప్పుకున్న బట్ట అది. అమెరికా ప్రభుత్వం 59 కొలతలు తీసి కూడా రాయలేకపోయిన మాటను మన దర్జీ రెండు కుట్ల మధ్య రాసి పెట్టాడు. వాణిశ్రీ సినిమాలు చూసి వచ్చి అలాంటి చేతులే కావాలని అడిగిన కాలంలో కూడా లోపల గుడ్డ వదలడం మానలేదు. రెడీమేడ్ బ్లౌజు వచ్చాక మానేశారు. గుడ్డ మిగులుతుంది కదా, లక్ష బ్లౌజుల మీద ఆ అంగుళం చాలా డబ్బు. పోయినవాటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ అంగుళమే.

మన దేశంలో రెడీమేడ్ సైజులు ఇన్నాళ్లూ చాలామట్టుకు అమెరికా, ఇంగ్లండు పట్టికలను అటూ ఇటూ సర్దుకున్నవే. అందుకే భుజం కుదిరితే చేతులు వేలాడతాయి, నడుము కుదిరితే తుంటి పట్టేస్తుంది. ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ ఇండియాసైజ్ పేరుతో ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల వయసున్న 25,000 మందిని స్కానర్లతో కొలవాలని పూనుకుంది, అందులో హైదరాబాదు కూడా ఉంది. మంచి పనే. కానీ ఆ లెక్కల్లోంచి ఇంకో నార్మా పుట్టకుండా చూడాలి.

ఈలోగా రెడీమేడ్ బ్లౌజు కొనబోయేవాళ్లకు ఒక్క మాట. సైజు అంకె చూడకండి, లోపలికి తిప్పి పక్క కుట్టు చూడండి. అంగుళం గుడ్డ వదలని బ్లౌజుకు డబ్బు పెట్టకండి. దర్జీకి ఇచ్చేటప్పుడు కూడా లోపల గుడ్డ వదలమని నోరు తెరిచి అడగండి, అడిగితే వదులుతారు.